తుడిచివేసిన ఉత్తరము ఎచ్చటికి పోవును?

(పెర్కిట్‌లో చేసిన ప్రసంగ పాఠము)



హైదరాబాదు నుండి నాగపురము వైపు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగిత్యాల వైపు పోవు 63వ జాతీయ రహదారియు మీ పెర్కిట్ వద్ద కలిసికొనుచున్నవి. ఈ కూడలిలో కొంతసేపు నిలిచినచో పసుపు బస్తాల లారీలు సాగిపోవుట చూడవచ్చును. పెట్టె సర్దుకొని గల్ఫు విమానమునకై బయలుదేరు యువకులను చూడవచ్చును. ఈ రెండు ప్రయాణముల వెనుకను నేడు తరచుగా ఒక ఉత్తరము ఉండును. అది పోస్టుమాను తెచ్చి యిచ్చు ఉత్తరము కాదు, ఈమెయిలు. పరదేశపు కొనుగోలుదారు నమూనా కోరుటయు, ధర తెలుపుటయు అందులోనే. దుబాయి, దోహా, రియాదులలోని యజమానులు పంపు నియామక పత్రము, వీసా ప్రతి, విమానపు టికెట్టు వచ్చునదియు అందులోనే. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డునకు నిజామాబాదే ప్రధాన కేంద్రమైనది గనుక, ఇట్టి ఉత్తరప్రత్యుత్తరములు ఈ ప్రాంతమున ఇంకను పెరుగునని ఆశించుట తప్పు కాదు.

ఇట్టి ఉత్తరము ఒకటి వ్రేలు తగిలి తొలగిపోయినదనుకొనుడు. లేదా ఫోనులో చోటు చాలలేదని ఇంటి పిల్లవాడు వంద ఉత్తరములను ఒక్కమారుగా తుడిచివేసినాడనుకొనుడు. వానిలో తండ్రి నెలజీతమెంతయో తెలుపు నియామక పత్రము ఉన్నది. ఆరు నెలల తరువాత యజమాని జీతము తగ్గించి యిచ్చినప్పుడు ఆ పత్రము కావలసి వచ్చును. అది పోయినదా, ఉన్నదా? ఉన్నచో ఎచ్చట, ఎన్ని దినములు? నేడు నేను చెప్పదలచినది ఈ సంగతి.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఉత్తరమును మనము ఫోనులో చదువుదుము కాని, అది నిజముగా ఉండునది ఫోనులో కాదు. ఎచ్చటనో దూరమున, చల్లని గదులలో వరుసలుగా పేర్చిన సర్వరులు అను కంప్యూటరులలో ఉండును. ఫోను మనకు కిటికీ వంటిది. అందుచేతనే ఒకే ఖాతాను పెర్కిట్‌లోని భార్య ఫోనులోను, దుబాయిలోని భర్త ఫోనులోను పెట్టుకొన్నచో, ఇచ్చట తుడిచిన ఉత్తరము అచ్చటను కనబడదు. రెండు కిటికీలు, గది ఒక్కటే. ఇరువురి వద్దను ప్రతి యున్నదిగదా యని నిశ్చింతగా నుండువారు దీనిని గుర్తింపవలెను.

ఆ సర్వరులో ఉత్తరపు పాఠము ఒక చోటను, ఆ పాఠము ఎచ్చటనున్నదో తెలుపు పట్టిక మరియొక చోటను ఉండును. వెనుకటి పట్వారీ దస్త్రములను చూచిన పెద్దలకు ఇది సులభముగా బోధపడును. కట్టలో కాగితము కట్టలోనే యుండును. ఏ కాగితము ఏ కట్టలో నున్నదో తెలుపు జాబితా వేరుగా నుండును. మనము తొలగించు బొత్తాము నొక్కగానే సర్వరు కాగితమును చింపదు. జాబితాలో ఇన్‌బాక్స్ అను శీర్షిక క్రిందనున్న పేరును తీసి, ట్రాష్ అను శీర్షిక క్రింద వ్రాయును. అంతమాత్రమే. కాగితము కదలనైనను కదలదు. అందువలననే వెదకి తెచ్చుకొనుటకు క్షణము పట్టదు.

మీరు విత్తనపు పసుపును ఎట్లు కాపాడుదురో నాకంటె మీకే బాగుగా తెలియును. తవ్వకము కాగానే మంచి కొమ్ములను, మండలను ఏరి, నీడపట్టున రాశిపోసి, ఆకుతో కప్పి, తిరిగి నాటు అదను వచ్చువరకు ఉంచుదురు. ఆ రాశి పంట కాదు, చెత్తయు కాదు. అదను దాటువరకే దానికి విలువ. ట్రాష్ అట్టిది. జీమెయిలులో ఆ అదను 30 దినములు. యాహూ మెయిలులో అది ఇంకను చిన్నది, ఒక వారము మాత్రమే. ఈ లెక్క తొలగించిన దినము నుండి మొదలగును గాని, ఉత్తరము వచ్చిన దినము నుండి కాదు. గడువు తీరగానే యంత్రము తనంతట తానే ట్రాష్‌ను ఊడ్చివేయును, మిమ్ములను అడుగదు. స్పామ్ అను పెట్టెకు కూడ జీమెయిలులో గడువు 30 దినములే. క్రొత్త చిరునామా నుండి వచ్చు నియామక పత్రములు ఆ పెట్టెలో పడుట అరుదు కాదు గనుక, ఎవరైనను "పంపితిమి" అని చెప్పి, మీకు అందనప్పుడు మొదట తెరవవలసినది అదియే.

పోయినదనుకొన్న ఉత్తరములలో నిజముగా పోనివి కొన్ని యుండును. ఫోనులో ఉత్తరముపై వ్రేలిని ప్రక్కకు జరిపినచో జీమెయిలులో సాధారణముగా జరుగునది తొలగింపు కాదు, ఆర్కైవ్. అనగా ఎదుట బల్లమీద నుండి తీసి బీరువాలో పెట్టుట. దానికి గడువు లేదు. "ఆల్ మెయిల్" అను శీర్షికను తెరచి, పంపినవారి పేరుతో వెదకినచో దొరకును. తరువాత ట్రాష్, ఆ పిమ్మట స్పామ్ చూడవలెను. ఈ మూడును చూడకుండ ఎవరికిని రుసుము చెల్లింపవద్దు.

ఈ ఏర్పాటు మొదటి నుండియు ఇట్లే లేదు. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికను ఇంజినీరు ఒక కంప్యూటరు నుండి మరియొక దానికి నెట్‌వర్కు మీదుగా ఉత్తరము పంపినాడు. ఆనాటి నుండి చాలకాలము చోటు మిక్కిలి ప్రియముగా నుండెను. చదివినదానిని తుడిచివేయుట మర్యాదగాను, పొదుపుగాను భావింపబడెను. 2004 ఏప్రిల్ 1న జీమెయిలు ఒక గిగాబైటు చోటుతో వచ్చినప్పుడు అది ఏప్రిల్ మొదటి తేదీనాటి వేళాకోళమని కొందరు తలచిరి. ఏలయన ఇతరులు ఇచ్చుచున్నది రెండు, నాలుగు మెగాబైటులు. ఇక దేనిని తుడువ నక్కరలేదనుట ఆ సంస్థ చెప్పుకొన్న గొప్ప. ఇరువదియేండ్లు గడచినవి. నేడు ఉచితముగా లభించు 15 గిగాబైటులను ఫోటోలు, వీడియోలు, ఉత్తరములు, అనేకుల ఫోనులలో వాట్సాప్ నిల్వప్రతియు కలిసి పంచుకొనవలసి యున్నది. పెండ్లి వీడియోలు చోటును నింపుచున్నవి, ఉత్తరములు బలియగుచున్నవి. చోటు పూర్తిగా నిండిన ఖాతాకు క్రొత్త ఉత్తరము చేరదు, పంపినవారికే తిరిగిపోవును. తుడువదలచినచో వీడియోలనే తుడువుడు. వేయి ఉత్తరములు తుడిచినను ఒక్క వీడియోకు చాలినంత చోటు రాకపోవచ్చును.

ట్రాష్ కూడ ఖాళీయైన పిమ్మట ఏమగును? ఇచ్చట ఉత్తరము ఎవరి ఖాతాలో నున్నదను దానినిబట్టి సమాధానము మారును. కంపెనీలు, కార్యాలయములు డబ్బు చెల్లించి నడుపుకొను ఖాతాలలో ఉద్యోగి కంటికి కనబడని మరియొక అర యుండును. గూగుల్ వారి కార్యాలయ ఖాతాలలో ట్రాష్ నుండి కూడ పోయిన ఉత్తరమును 25 దినముల వరకు ఆ కార్యాలయపు నిర్వాహకుడు తిరిగి తెప్పింపగలడు. మన హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ళ 2014 నుండి నడుపుచున్న మైక్రోసాఫ్ట్ సంస్థ వారి ఎక్స్‌ఛేంజిలో ఈ అరకు మామూలు గడువు 14 దినములు; నిర్వాహకుడు దానిని 30 దినముల వరకు పెంచవచ్చును. వ్యాజ్యమేదైనను ఉన్నప్పుడు, ఏ ఉత్తరమును నశింపనీయకుండ ఖాతాను బిగించి యుంచు ఏర్పాటును కలదు. కావున మీ బంధువు పనిచేయు కంపెనీ ఖాతాలోని ఉత్తరము పోయినచో, అడుగవలసినది బజారులోని ఫోను మరమ్మతు దుకాణమును కాదు, ఆ కంపెనీ కంప్యూటరు విభాగమును; అదియు దినముల లెక్క మించకుండ.

సొంత ఉచిత ఖాతాకు ఇట్టి నిర్వాహకుడు ఎవరును లేడు. ట్రాష్ ఖాళీయైన తరువాత మన చేతిలో తాళపుచెవి లేదు. అయినను ఉత్తరము ఆ క్షణమున బూడిద కాదు. సర్వరుల నుండి పూర్తిగా తొలగుటకు తొలగించిన నాటి నుండి సుమారు రెండు నెలలు పట్టుననియు, విపత్తులకై దాచు నిల్వప్రతులలో ఆరు నెలల వరకు ఉండవచ్చుననియు గూగుల్ సంస్థయే ప్రకటించుచున్నది. అయితే ఆ నిల్వప్రతులు యావత్తు వ్యవస్థ కూలినప్పుడు నిలబెట్టుటకే గాని, ఒక్కొక్కరి ఉత్తరమును వెదకి యిచ్చుటకు కాదు. ఒక్క మినహాయింపు చెప్పవలెను. ఇతరులెవరో దొంగతనముగా ఖాతాలో చొరబడి ఉత్తరములు తుడిచిన పక్షమున, జీమెయిలు సహాయ విభాగములో అందులకై ఒక విజ్ఞప్తి పత్రము కలదు. ఫలితము నిశ్చయము కాదు. ఆలస్యమైన కొలదియు ఆశ తగ్గును.

నిల్వప్రతుల మహిమ తెలియుటకు రెండు ఉదంతములు చాలును.

2011 ఫిబ్రవరి 27న జీమెయిలు వాడువారు కొందరు తమ పెట్టె తెరచి చూడగా ఏండ్లనాటి ఉత్తరములు ఒక్కటియు లేకుండెను. పదివేల మందిలో ఇద్దరికి ఈ గతి పట్టినదని సంస్థ తెలిపెను. నిష్పత్తి చిన్నదే గాని, వాడువారు కోట్లమంది గనుక బాధితులు వేలకొలది. ప్రతి ఉత్తరమునకును వేర్వేరు కేంద్రములలో అనేక ప్రతులుండగా ఇదెట్లు సంభవించెను? నిల్వచేయు సాఫ్ట్‌వేరును మార్చుచుండగా దొర్లిన ఒక దోషము ఆ ప్రతులన్నిటికిని ఒక్కమారుగా సోకినది. చివరకు కాపాడినవి అయస్కాంతపు టేపులు. పాత సినిమా పాటల క్యాసెట్టులను మీరెరుగుదురుగదా, ఆ జాతివే. అవి వ్యవస్థతో సంబంధము లేకుండ వేరుగా నుండుటచే దోషము వానిని తాకలేదు. టేపులను చదివి, ఉత్తరములను తిరిగి నింపుటకు గంటలు కాదు, దినములు పట్టినవి. ఒకే ఆజ్ఞకు లోబడిన పది ప్రతులు ఒక్క ప్రతితో సమానమని నా అభిప్రాయము. మీ ఫోను, మీ కంప్యూటరు, మీ తమ్ముని ఫోను, మూడును ఒకే ఖాతాకు కిటికీలైనప్పుడు మీ వద్ద నున్నవి మూడు ప్రతులు కావు. నియామక పత్రమును కాగితముపై అచ్చువేయించి ఇంటిలోని పెట్టెలో పెట్టినప్పుడు అది రెండవ ప్రతి.

రెండవ ఉదంతము దీనికి తిరుగుడుగా నుండును. 1986 నవంబరులో అమెరికాలో ఇరాన్-కాంట్రా కుంభకోణము బయటపడుచుండగా, అధ్యక్ష భవనమున జాతీయ భద్రతా వ్యవహారములు చూచుచుండిన జాన్ పాయిండెక్స్టరు, ఆలివర్ నార్తు అనువారు తమ కంప్యూటరులోని సందేశములను పెద్దసంఖ్యలో తుడిచివేసిరి. ఇక సాక్ష్యము లేదని తలచియుందురు. కాని ఆ వ్యవస్థకు క్రమముగా తీయబడిన నిల్వప్రతుల టేపులు అప్పటికే వేరుగా నుండెను. వాని నుండి వెలికితీసిన సందేశములు విచారణ సంఘమునకు ముఖ్య ఆధారములైనవి. తుడిచినవాడు తన పట్టికనే తుడువగలడు. ఇతరుల వద్ద నున్న ప్రతిని తుడువజాలడు. జీతము విషయమున మాట మార్చు యజమానియైనను, మోసపు ఏజెంటైనను ఈ న్యాయమునకు లోబడినవారే.

ఇందుండియే మనకు అన్నిటికంటె సులభమైన మార్గము దొరకుచున్నది. ప్రతి ఉత్తరమునకు రెండు కొనలున్నవి. మీ వద్ద పోయినను, పంపినవారి "సెంట్" పెట్టెలో దాని ప్రతి ఉండును. రశీదు పుస్తకములో కార్బను కాగితము క్రింది ప్రతి వంటిది. మర్యాదగా ఒక వాక్యము వ్రాసి, తిరిగి పంపుమని కోరుడు. ఆ ఉత్తరము మరి యెవరికైనను కలిపి పంపబడియున్నచో వారి వద్దను ఉండును. ఎమిగ్రేషను అనుమతి పొంది ఈ-మైగ్రేట్ మార్గమున వెళ్ళినవారి ఉద్యోగ ఒప్పందము ఆ ప్రభుత్వ వ్యవస్థలో కూడ నమోదై యుండునని మరువరాదు.

పాత పద్ధతిలో కంప్యూటరులో ఉత్తరములు చూచుకొను వ్యాపారులు ఇచ్చట ఉన్నచో వారికి ఒక మాట. ఉత్తరములు తెచ్చుకొనుటకు రెండు విధానములున్నవి. పాప్ అను విధానములో ఉత్తరము సర్వరు నుండి మీ కంప్యూటరునకు దిగివచ్చును. సర్వరులో ప్రతి యుంచుమని చెప్పనిచో అచ్చట మిగులకపోవచ్చును. కనుక సర్వరులో దొరకని పాత ఉత్తరము, మూలపడిన పాత కంప్యూటరులో క్షేమముగా నుండుట కలదు. దానిని పాత సామానుల వానికి అమ్ముటకు ముందు తెరచి చూడవలెను. 1986లో మార్క్ క్రిస్పిన్ రూపకల్పన చేసిన ఐమ్యాప్ అను రెండవ విధానములో ఉత్తరములు సర్వరులోనే యుండును. అందులో తొలగింపు రెండు మెట్లుగా జరుగును: మొదట ఉత్తరముపై కొట్టివేత గుర్తు పడును, తరువాత వేరొక ఆజ్ఞతో గుర్తుపడినవన్నియు ఊడ్వబడును. రెండవ ఆజ్ఞ పడువరకు గుర్తును చెరిపివేయవచ్చును.

ఫోనులో నుండియే తుడిచిన ఉత్తరములను లాగి యిత్తుమని చెప్పు సాఫ్ట్‌వేరులను గూర్చి కొందరు అడుగుచుందురు. పాత కంప్యూటరు డిస్కులలో తుడిచినదాని జాడ, దానిపై మరియొకటి వ్రాయువరకు నిలిచియుండెడిది. పలకపై సరిగా తుడువని అక్షరముల వలె. నేటి ఫోనులలోని నిల్వచిప్పులు ఖాళీయైన చోటును తామే శుభ్రపరచుకొనును, అందున్న సమాచారము గూఢలిపిలో నుండును. కాబట్టి ఆ వాగ్దానములు చాలవరకు నెరవేరునవి కావు. "మీ మెయిలు తిరిగి తెప్పింతుము, ఓటీపీ చెప్పుడు" అని ఫోను చేయువారు మాత్రము నిశ్చయముగా దొంగలు. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకొన్నవారు ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫిర్యాదు చేయవలెను.

తిరిగి దొరకిన ఉత్తరము న్యాయస్థానమున పనికివచ్చునా? వచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, ఎలక్ట్రానిక్ పత్రమును ధ్రువపత్రముతో కలిపి దాఖలు చేయవలెను. ఆ ధ్రువపత్రములో ఒక భాగమును దాఖలు చేయువారును, మరియొక భాగమును నిపుణుడును పూర్తిచేయుదురు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకొన్న బొమ్మకు అసలు ఉత్తరమునకున్న బలము ఉండదు. అసలు ఉత్తరములో అది ఏ సర్వరుల మీదుగా, ఏ సమయమున వచ్చినదో కంటికి కనబడని వివరములు ఇమిడియుండును. అందువలన వివాదము ముగియువరకు దానిని ఖాతాలో ఉన్నచోటనే ఉండనిండు.

ఇక గల్ఫు కుటుంబములకు ప్రత్యేకముగా చెప్పవలసినవి. ఖాతాను ఏజెంటో, ఇంటర్నెట్ దుకాణము వారో తెరచి యిచ్చినచో పాస్‌వర్డు వారికి తెలిసియే యుండును. అట్టి ఖాతాలో ఉత్తరములను తుడుచు అధికారము వారికిని ఉన్నట్లే. నేడే దానిని మార్చుకొనుడు. ఖాతాకు జతపరచిన ఫోను సంఖ్య ఇచ్చటి సిమ్ముదైనచో, యజమాని పరదేశమున నుండగా రీచార్జి లేక ఆ సిమ్ము రద్దగును. తరువాత ఆ సంఖ్య మరియొకరికి పోవచ్చును. ఇంటిలో వాడుకలోనున్న సంఖ్యను జతపరచుట మేలు. రెండేండ్లు ఎవరును తెరువని సొంత ఖాతాలను గూగుల్ సంస్థ 2023 డిసెంబరు నుండి తొలగించుచున్నది. అప్పుడు పోవునది ఒక్క ఉత్తరము కాదు, పెట్టె యంతయు.

ఖాతాదారుడు పరదేశమున మరణించినచో? ఈ ప్రశ్న అడుగుటకు కష్టమైనను, ఈ ప్రాంతమున అడుగక తప్పదు. బకాయి జీతము, బీమా, కంపెనీ చిరునామా అన్నియు ఆ పెట్టెలోనే ఉండవచ్చును. భార్యయైనను, తల్లియైనను కోరినంత మాత్రమున సంస్థ పాస్‌వర్డు ఇయ్యదు. మరణ ధ్రువపత్రము మొదలైనవి జతపరచి విజ్ఞప్తి చేసికొనవలెను, నిర్ణయము వారిది. బ్రతికియుండగా చేయదగిన ఏర్పాటు ఒకటి 2013 నుండి కలదు. గూగుల్ ఖాతా అమరికలలో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అను చోట, ఖాతా మూడు నెలల నుండి పదునెనిమిది నెలల వరకు, మనము ఎన్నుకొన్నంత కాలము కదలిక లేక యున్నచో ఎవరికి తెలుపవలెనో, వేనిని వారికి అందింపవలెనో వ్రాసి పెట్టవచ్చును. పదిమంది వరకు పేర్లు ఈయవచ్చును. ప్రయాణమునకు ముందు, పాసుపోర్టు ప్రతులు తీయించుకొను దినముననే, ఇంటిలోని ఒకరి పేరు అందు చేర్చుటకు పావుగంట చాలును.